తెల్ల రోజున దించిన గేటు

బావగారిని తిట్టడంలో తెల్లమ్మకు ఒక పద్ధతి ఉంది. ఎంత ఘాటుగా తిట్టినా మర్యాద మాత్రం వదలదు. "మీ మొహం మండా, మీకు సిగ్గూ ఎగ్గూ ఉన్నాయా అండీ, మీ చేతులు పడిపోనూ" అని వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడేలా అరుస్తుంది. అంత కోపంలోనూ ఏకవచనం నోట రానివ్వదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామగారు పెట్టిన కట్టుబాటు అది. "ఆ మర్యాదేదో మానేసి మామూలుగా తిడితే కాస్త తేలిగ్గా ఉండేది" అని బావగారే ఒకసారి వీధి నడుమ ఉండే పసుపత్త దగ్గర వాపోయాడట.

ఆ వేళ ఆమెకు తిట్టే పని లేదు. ఇన్నాళ్ళూ తను గొంతు చించుకుని చెప్పింది నిజమని నలుగురిలో తేలిపోయే రోజు అది. పొద్దున్నే తలకు నూనె రాసుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, గేటు పిడి చేత్తో పట్టుకుని కాలువ గట్టు మీద నిలబడింది. నీళ్ళ ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ రావాలి. వచ్చి, మొదటి షెడ్డు, అంటే బావగారి షెడ్డు, కాలువలోకి దొంగతనంగా నల్లరంగు వదులుతోందని కళ్ళారా చూడాలి. చూశాక బావగారి పని పట్టాలి.

ఆ వీధి రంగులవాళ్ళ వీధి. ముందు ఇళ్ళు, ఇళ్ళ వెనక షెడ్లు, షెడ్ల వెనక కాలువ. నది నుంచి వచ్చే కాలువ మొదటి షెడ్డును ఒరుసుకుంటూ వచ్చి, ఒక్కొక్క షెడ్డునూ దాటి, తెల్లమ్మ షెడ్డు దగ్గర ఇనుప గేటు కింద నుంచి బయటికి పోతుంది. ప్రతి షెడ్డువాళ్ళూ పై మూల నుంచి నీళ్ళు తోడుకుంటారు, కింది మూల నుంచి వదిలేస్తారు. అంటే ఒకరు వదిలిన నీళ్ళే పక్కవాళ్ళు తోడుకోవాలి. అందుకే ఆ వీధికి వారానికొక వరస ఉంది. మొదట తెల్ల రోజు. ఆ రోజు ఉతకడాలూ, చలవ చేయడాలూ తప్ప ఎవరూ ఒక్క చుక్క రంగు వదలకూడదు. తర్వాత పసుపు, తర్వాత ఎరుపు, తర్వాత నీలం, అన్నిటికీ ఆఖరున నలుపు. నల్ల రోజు గడిచాక గేటు పూర్తిగా ఎత్తేసి కాలువను కడిగేస్తారు. మళ్ళీ తెల్ల రోజు. కాలువ చూస్తే పిల్లలు గెంతి దాటేసేటంత. ఆ వరస ఉండబట్టే అంత సన్నని నీటి మీద వీధి వీధంతా తిండి తింటోంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మొదటి షెడ్డుకు నీళ్ళు ముందు అందుతాయి కాబట్టి గేటు దాని చేతిలో ఉండకూడదు. గేటును ఎత్తే దించే పిడి ఎప్పుడూ చివరి షెడ్డులోనే ఉండాలి. పైవాడు కావాలంటే కిందివాడి నీళ్ళు పాడు చేయగలడు. కిందివాడు కావాలంటే గేటు దించేసి పైవాళ్ళ పెరళ్ళను ముంచగలడు. మామగారు ఆస్తి పంచుతూ, "నీళ్ళు పెద్దాడివి, పిడి చిన్నాడిది. ఒకడి పీక ఒకడు పట్టుకుని కూర్చోండి, ఇద్దరూ బాగుపడతారు" అన్నాడు. పోయాడు. అన్నదమ్ములు ఎవరి పీకా పట్టుకునే రకం కాదు. ఆ పని తోడికోడళ్ళు అందుకున్నారు.

తెల్లమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఆమె చలవ చేసినంత తెల్లగా ఆ చుట్టుపక్కల ఇంకెవరూ చేయలేరు. ఆస్పత్రికి వెళ్ళే కట్టుగుడ్డ అంతా ఆమె తొట్లలోంచే వెళ్ళేది. అలాంటి కట్టుగుడ్డ ఉన్నట్టుండి బూడిద రంగు తిరగడం మొదలుపెట్టింది. మొదటిసారి ఆస్పత్రి స్టోరు గుమస్తా గుడ్డను కిటికీ వెలుగులో పట్టి చూసి, "దీన్ని గాయానికి కట్టమంటావా, బూట్లు తుడుచుకోమంటావా?" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. రెండోసారి మూట కొస విప్పి చూసి వెనక్కి తోసేశాడు. మూడోసారి ఇలాగే వస్తే ఇక రావద్దన్నాడు.

ఎవరి పనో ఆమె వెతుక్కోనక్కర్లేదు. బావగారికి బడిపిల్లల యూనిఫారాల ఆర్డరు వచ్చి ఏడాది కాలేదు. నీలాలూ నలుపులూ మోయలేనంత. తెల్ల రోజున కూడా ఆయన షెడ్డు గొట్టంలోంచి పొగ వస్తుంటే ఎవరికైనా అర్థం కాదూ? "ఉత్త వేణ్ణీళ్ళమ్మా, చొక్కాలకు గంజి వదలగొడుతున్నాను" అని ఆయన ఎన్నిసార్లు చెప్పినా ఆమె చెవికెక్కలేదు. చెవికెక్కకపోగా కడుపు మండింది. పగపట్టి ప్రతి తెల్ల రోజూ గేటు పూర్తిగా బిగించేయడం మొదలుపెట్టింది. సగం ఎత్తి నీళ్ళు పారనివ్వాల్సిన రోజున చుక్క కదలనివ్వలేదు. నడుమ షెడ్ల పెరళ్ళలోకి నీళ్ళు ఎక్కాయి. పసుపత్త కోళ్ళు గోడెక్కి కూర్చున్నాయి. "ఆయన నలుపు ఆయన ముంగిట్లోనే నిలవాలి, అదీ నా పంతం" అంది తెల్లమ్మ. ఇంత చేసినా కట్టుగుడ్డ ఇంకాస్త నల్లబడిందే గాని తెల్లబడలేదు. అది కూడా బావగారి ఖాతాలోనే వేసింది.

ఈ గొడవ నడుస్తుండగానే వీధికి కాలువ కాక రెండో నీటి లైను మాట వచ్చింది. నది దగ్గర మోటారు పెట్టి, గొట్టాల మీద ప్రతి షెడ్డుకూ విడిగా నీళ్ళిస్తారట. అది వస్తే వారం వరసతో పని లేదు, ఎవరికి కావలసిన రంగు వాళ్ళు ఏ రోజైనా వేసుకోవచ్చు. ఇంకో అరడజను షెడ్లు లేస్తాయి, ఊళ్ళో పని లేక తిరిగే వాళ్ళందరికీ పని దొరుకుతుంది, పెద్ద వ్యాపారులు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. తెల్లమ్మ తిన్నగా నీళ్ళ ఆఫీసుకు వెళ్ళి, దొంగ నలుపు వదిలేవాళ్ళకు కూడా లైను ఇస్తారా అని నిలదీసింది. ఇంజనీరమ్మ విని, "తెల్ల రోజున వచ్చి చూస్తాను. కాలువ పాడు చేసింది ఏ షెడ్డయితే దానికి గొట్టం ఇవ్వను. వరస పాటించలేనివాళ్ళ చేతికి ఎక్కువ నీళ్ళిస్తే ఎక్కువ పాడు చేస్తారు" అంది. ఆ మాటకు తెల్లమ్మ ఆమెను అక్కడే కౌగిలించుకోబోయింది.

ఇంట్లో మాత్రం మొగుడు నసిగాడు.

"ఎందుకే ఈ రచ్చ? అన్నయ్య కాదేమో."

"మీ అన్నగారిని వెనకేసుకొస్తున్నారా? ముందు ఆ తొడుగులు విప్పి అన్నం తినండి. పెళ్ళికొడుకు వేషంలా ఎప్పుడు చూసినా చేతులకు ఆ రబ్బరు తొడుగులేమిటి?"

"చలవ మందుకు చేతులు దురదెక్కుతున్నాయని చెప్పానుగా."

"ఇన్నేళ్ళు లేని దురద ఇప్పుడొచ్చిందా? నాజూకు ముదిరింది మీకు" అని నవ్వేసి ఊరుకుంది. ఆమె కోపమంతా వీధి ఆ చివర ఉంది. ఇంట్లో దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇంజనీరమ్మ మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని వచ్చింది. వీధంతా గట్టు మీదికి చేరింది. తోడికోడలు చేతులు కట్టుకుని, తెల్లమ్మను ఎగాదిగా చూసింది.

"చెల్లీ, గేటు దించినట్టే ఎప్పుడైనా ఆ నోరు కూడా దించితే వీధి కాస్త ఊపిరి పీల్చుకునేది."

"నా నోటి సంగతి తర్వాత అక్కా. ముందు మీ ఆయనగారి బానలో ఏముందో చూద్దాం."

"చూడు. చూసి నీ కళ్ళు కడుక్కో."

"ఇద్దరూ ఆపండమ్మా" అంది ఇంజనీరమ్మ విసుగ్గా. "నీళ్ళు పారుతుంటే ఎవరి రంగో తెలీదు, అన్నీ కలిసిపోతాయి. నీళ్ళు నిలబెడితే ఎక్కడి రంగు అక్కడే కనిపిస్తుంది. గేటు పూర్తిగా దించండి. నేను పై నుంచి చూసుకుంటూ వస్తాను. పిడి పట్టుకున్నావిడ అక్కడి నుంచి కదలకూడదు."

ఇన్నాళ్ళూ తను చేస్తున్నది కూడా అదే కదా అని తెల్లమ్మ పొంగిపోయింది. పిడిని తగిలించి, రెండు చేతులతో తిప్పి, గేటు పళ్ళెం అడుగు తగిలేదాకా బిగించింది. కాలువ మెల్లగా పారడం మానేసింది. గట్టు మీది జనం ఇంజనీరమ్మ వెంట మొదటి షెడ్డు వైపు నడిచారు.

అంత దూరం నుంచి మాటలు సరిగ్గా వినబడవు గాని మనుషులు కనిపిస్తున్నారు. బావగారు బాన మూతలు ఒక్కొక్కటీ ఎత్తి చూపించాడు. ఇంజనీరమ్మ గరిటతో నీళ్ళు తీసి, తెల్ల గిన్నెలో పోసి, వెలుగులో పట్టుకుంది. తల అడ్డంగా ఆడించింది. అది బావగారికి పెట్టిన చీవాట్లనుకుంది తెల్లమ్మ. దొరికాడు! కాని పసుపత్త రెండు చేతులూ చుట్టి నోటి దగ్గర పెట్టుకుని, వీధి పొడవునా వినబడేలా అరిచింది.

"మొదటి షెడ్డులో నలుపు లేదమ్మోయ్! నీళ్ళు అద్దంలా ఉన్నాయి!"

"దాచేసి ఉంటారు!" అని తెల్లమ్మ ఇటు నుంచి అరిచింది. "గొట్టాలు చూడండి! అడుగున చూడండి!"

వాళ్ళు గొట్టాలూ చూశారు, అడుగూ చూశారు. రెండో షెడ్డుకు కదిలారు. అక్కడా ఏమీ లేదు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది. బావగారి మీద మంట, ఏమీ పట్టుకోలేని ఇంజనీరమ్మ మీద మంట, నవ్వుతున్నట్టు కనిపిస్తున్న తోడికోడలి మీద మరింత మంట. చూపు పెట్టడానికి చోటు లేక తల దించుకుంది.

ఇన్ని తెల్ల రోజులూ గేటు దించి ఆమె పైకే చూసింది, బావగారి షెడ్డు వైపు. కాళ్ళ దగ్గరికి ఎప్పుడూ చూడలేదు.

గేటుకు ఈ పక్కన, తన షెడ్డు కింది మూలలో నీళ్ళు వదిలే గొట్టం ఉంది. దాని నోట్లోంచి వెంట్రుక పాయంత నలుపు బయటికి వస్తోంది. పారే నీళ్ళలో అయితే గేటు కిందికి జారి పోయేదే. నీళ్ళు నిలబడి ఉన్నాయి కాబట్టి అది ఎటూ పోలేక, మెలికలు తిరుగుతూ, గట్టును ఆనుకుని మెల్లగా వెనక్కి, పైకి వెళ్తోంది. పై మూలలో ఆమె నీళ్ళు తోడుకునే గొట్టం నోరు తెరుచుకుని ఉంది. ఆమె కట్టుగుడ్డ నానే తొట్టి దాని అవతలే.

మొగుడు ఎప్పుడొచ్చాడో పక్కన నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"గేటెత్తెయ్యి" అన్నాడు గుసగుసగా. "ఒక్క చుట్టు చాలు. వాళ్ళు వచ్చేలోపు కొట్టుకుపోతుంది."

ఆమె నలుపును చూసింది. తర్వాత ఆ రబ్బరు తొడుగులను చూసింది.

"విప్పండి."

"ఇప్పుడెందుకే—"

"విప్పమన్నానా!"

విప్పాడు. చేతులు శుభ్రంగా, మెత్తగా, పసిపిల్లాడి చేతుల్లా ఉన్నాయి. మోచేతుల కింద, తొడుగు అంచు ఆగే చోట మాత్రం గాజు తొడిగినట్టు చుట్టూ నల్లటి వలయం ఉంది. రంగులవాళ్ళ ఇంట్లో పుట్టి, రంగులవాళ్ళ ఇంట మెట్టిన మనిషికి ఆ వలయం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

"గొడుగు గుడ్డకు నలుపు" అన్నాడు తల ఎత్తకుండా. "నాన్న పాత తొట్టి ఉంది కదా, సామాను గదిలో... నువ్వు ఆస్పత్రికి వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెం వేశాను, నీ తొట్టి గరిటతోనే కలిపాను. చలవ పనితో ఎన్నాళ్ళు గీకుతామే? అన్నయ్య పైకొచ్చేస్తున్నాడు. మనం ఇలాగే పడి ఉండాలా?"

"తెల్ల షెడ్డులో నలుపా?"

"మనది చివరి షెడ్డు కదా. మన కింద ఎవరున్నారు? ఎవరికి నష్టం అనుకున్నాను. ఇవ్వాళ అసలు వదల్లేదు, ఒట్టు. ఆ తొట్టికి బీట పడింది, అదే కారుతోంది. ఎన్నిసార్లు పూసినా ఆగట్లేదు."

"గేటు దించితే కిందా లేదు, పైనా లేదయ్యా!" ఆమె గొట్టం వైపు వేలు చూపించింది. "నీ నలుపు ఎక్కడికి పోతుందనుకున్నావ్? నా తొట్లోకి వచ్చింది! నా గుడ్డలోకి వచ్చింది!"

అన్నాక ఆమెకు మిగిలిన సగం కూడా తట్టింది. గేటు దించింది ఎవరు? బావగారి మీద పంతం కొద్దీ ప్రతి తెల్ల రోజూ చుక్క కదలనివ్వకుండా బిగించింది తను. మొదటి బూడిద మొగుడు ముంచిన గరిటదయితే, ఆ తర్వాతి నలుపంతా తన చేత్తోనే తన గుడ్డకు పూసుకుంది. ఎంత బిగిస్తే అంత నల్లబడింది, నల్లబడిన కొద్దీ ఇంకా బిగించింది. పిడిని గట్టిగా పట్టుకుంది.

ఇంజనీరమ్మ గుంపు పసుపత్త షెడ్డు దాటింది. బావగారి దగ్గు వినబడుతోంది.

"ఎత్తవే. నీకు దణ్ణం పెడతాను. గొట్టం రాదు, చలవ పని పోతుంది, వీధిలో తలెత్తుకోలేం. ఒక్క చుట్టు!"

ఆమె చేయి తిరిగింది. అబద్ధం ఎందుకు, తిరిగింది. పళ్ళెం అడుగు నుంచి వేలెడంత లేచింది. నల్లపాయ కొస ఒకసారి ఊగి, గేటు సందు వైపు వంగింది. ఇంకో అర చుట్టు తిప్పితే ఏ ఆనవాలూ ఉండదు. ఆమె నోట బావగారు ఎప్పటికీ దొంగగానే ఉంటాడు. ఆస్పత్రి గుమస్తాకు చెప్పడానికి ఒక మాట ఉంటుంది. తను తెల్లమ్మగానే ఉంటుంది.

కాని ఆమె కోపం అలాంటి కోపం కాదు. ఇన్నాళ్ళు నడివీధిలో నిలబడి, గొంతు పోయేలా ఒక మనిషిని తిట్టిందంటే, తన మాట నిజమని నమ్మే తిట్టింది. ఆ తిట్లన్నీ తప్పుడు గుమ్మానికి పోయాయని తెలిశాక, ఇప్పుడు ఈ తొడుగుల మొగుడి కోసం, బీట పడ్డ తొట్టి కోసం, మామగారిచ్చిన పిడితో దొంగపని చేయాలా? రేపటి నుంచి ఆ బావగారిని ఏ మొహం పెట్టుకుని తిడుతుంది? ఆమెకు మొగుడి మీద అసహ్యం పుట్టింది. తన మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

పిడిని వెనక్కి తిప్పి గేటును టక్కున బిగించింది. తర్వాత ఎప్పుడూ అరిచే గొంతుతోనే అరిచింది.

"రండి! అందరూ రండి! నలుపు దొరికింది!"

పరుగెత్తుకొచ్చారు. ఇంజనీరమ్మ గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పాయ వెంట చూపును గొట్టందాకా తీసుకెళ్ళింది. "ఇది ఎవరి షెడ్డు?" అని అడిగింది.

"నాది" అంది తెల్లమ్మ. "ఈయన పని. గేటు బిగించి దాన్ని పైకి తోసింది నా పని. రాసుకోండి."

పసుపత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు తమ్ముడి మోచేతులను చూశాడు, మరిది చూపు తప్పించి మొహం తిప్పుకుంటున్న భార్యను చూశాడు, ఆఖరికి తెల్లమ్మను చూశాడు.

"ఎన్ని తిట్లు తిట్టావే అమ్మాయ్" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆమెకు బాగుండేది.

"తిట్టాను. వెనక్కి తీసుకోను. మీ తమ్ముణ్ణి పెంచింది మీరే కదండీ, సగం మీరే ఉంచుకోండి." పిడిని గేటు నుంచి ఊడదీసి ఆయన ముందుకు చాపింది. "ఇదిగో. ఇది నా దగ్గర ఉండే వస్తువు కాదు."

బావగారు కాలిన బాన ముట్టబోయినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"పై షెడ్డువాడు పిడి ముట్టకూడదు. నాన్న మాట. నీ బుద్ధి బాగోకపోతే మాట మారుతుందా? నీ దగ్గరే ఉంచుకో. ఉంచుకుని ఏడు."

"మా ఆయన మంచివాడు కాబట్టి అంతటితో వదిలేశాడు" అంది తోడికోడలు. "నాకు అంత మంచితనం లేదు. ఇన్నాళ్ళు మా గుమ్మంలో పోసిన బురదంతా నేను కడుక్కోవాలి. ఆస్పత్రి గుడ్డ ఇకనుంచి మా షెడ్డుకు రావాలి. వరస తప్పినవాళ్ళకు తెల్ల పని లేదు, వీధి కట్టుబాటే అది. కాదనేవాళ్ళుంటే చెప్పమనండి."

కాదనేవాళ్ళు లేరు. పసుపత్త కూడా కాదనలేదు.

గొట్టాల కోసం గొయ్యి తవ్వుకుంటూ వచ్చిన కూలీలు ఒక్కొక్క షెడ్డుకూ ఒక్కొక్క చీలిక తవ్వి, తెల్లమ్మ గోడ దగ్గరికి వచ్చాక పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. లైనులో నీళ్ళు వచ్చేదాకా కాలువ వరసే నడవాలి. మళ్ళీ తెల్ల రోజు వచ్చింది. షెడ్డులో మొగుడు గునపంతో పాత తొట్టిని పగలగొడుతున్నాడు. ఒక్కో దెబ్బకు గోడ అదురుతోంది. ఆమె అతనితో మాటలు మానేసింది. వండి పెడుతుంది, అంతే.

పై నుంచి తోడికోడలి గొంతు వినబడింది. అన్నాళ్ళూ చెల్లీ అని పిలిచిన మనిషి.

"తెల్లమ్మా! కట్టుగుడ్డ వేస్తున్నాను! గేటు సగం ఎత్తు!"

ఆ పేరు కావాలనే పిలిచిందని వీధంతటికీ అర్థమైంది. తెల్లమ్మ పళ్ళు నూరింది. పిడి చేతిలో ఉంది. పూర్తిగా దించేసి అక్కగారి పెరడును ముంచేయాలని అరచేతులు దురదపెట్టాయి. ఈసారి ముంచితే కారణం వెతుక్కోవాల్సిన పని కూడా లేదు, నిఖార్సయిన కుళ్ళే.

సరిగ్గా సగం ఎత్తింది. కాలువ కదిలింది. తోడికోడలు వదిలిన చలవ నీళ్ళు ఒక్కొక్క షెడ్డునూ దాటుకుంటూ వచ్చి, తెల్లమ్మ ఖాళీ తొట్ల పక్కగా పారి, గేటు కింద నుంచి బయటికి పోయాయి. ఆమె వంగి దోసిలితో తీసి చూసింది. మచ్చ లేదు. ఆ వీధిలో కాపురానికి వచ్చినప్పటి నుంచి అంత మంచి తెల్ల రోజును ఆమె చూడలేదు.